తిరుపతి నుంచి ట్రినిడాడ్ దాకా: ఇద్దరే వెళ్లే కచేరీ యాత్రకు సమగ్ర మార్గదర్శి

జనవరి వచ్చిందంటే టొరంటో, న్యూయార్క్ వాద్యకారులు కరీబియన్ దీవుల వైపు చూసేది మంచు తప్పించుకోవడానికి. తిరుపతి వాళ్లకు ఆ బాధ లేదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున అలిపిరి దగ్గర మఫ్లర్ చుట్టుకుంటే మన చలికాలం అయిపోయినట్టే. అయినా మనం వెళ్లాల్సింది కూడా ఆ నెలల్లోనే. జూన్ నుంచి నవంబర్ వరకు కరీబియన్ సముద్రంలో తుపానుల కాలం. ఆ దీవుల్లో ఒకటైన ట్రినిడాడ్‌లో వానలు డిసెంబర్ దాకా సాగుతాయి. జనవరి నుంచి మే వరకు పొడి కాలం. ఆరుబయట వేదికలు, శివరాత్రి, అక్కడివాళ్లు ఫగ్వా అని పిలిచే హోలీ, అన్నీ ఆ వేళకే వస్తాయి.

ఇది వయొలిన్–మృదంగం జోడీని మనసులో పెట్టుకుని రాసింది. నాదస్వరం–డోలు జట్టుకైనా, వేణువు–మృదంగం జట్టుకైనా కాగితాల పని ఇదే. వాద్యాల సంగతి మాత్రం మారుతుంది. ఇద్దరే వెళ్తే ఖర్చు తగ్గుతుంది గానీ, మూడో మనిషి ఉండడు. ఒకరి వీసా ఆగినా కచేరీ ఆగుతుంది, మృదంగం తోలు మూత ఒకటి చిరిగినా ఆగుతుంది. కాబట్టి ఏది ఆగితే మొత్తం ఆగిపోతుందో దాని పని ముందు చూసుకోవాలి. ఏం వాయించాలన్నది ఆ తర్వాతి మాట.

మొదట తేదీలు

మన క్యాలెండర్, వాళ్ల క్యాలెండర్ పక్కపక్కన పెట్టుకోండి. డిసెంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం. తిరుపతి, తిరుమల, కాణిపాకం, శ్రీకాళహస్తి చుట్టుపక్కల వాద్యకారులకు గుళ్లలో కార్యక్రమాలు, మరోపక్క చెన్నైలో మార్గళి కచేరీలు. ఆ నెల వదులుకోవడం ఎవరికీ మంచిది కాదు. మాఘం వస్తే పెళ్లిళ్లు. నాదస్వరం వాళ్లకు ఏడాది తిండి వచ్చేది అప్పుడే. వాళ్లు మాఘంలో దేశం దాటాలంటే పారితోషికం ఆ ముహూర్తాల డబ్బును మించాలి. వయొలిన్–మృదంగం వాళ్లకు ఆ బాధ తక్కువ.

అవతల చూసుకోవాల్సింది కార్నివాల్ పండుగ. క్రైస్తవుల యాష్ వెన్‌స్‌డేకి ముందు వచ్చే సోమ, మంగళవారాలు. 2027లో ఫిబ్రవరి 8, 9. దానికి ముందు రెండు మూడు వారాలు రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో గదులు దొరకవు, దొరికినా అద్దె మండిపోతుంది, టికెట్లూ అంతే. ఊరంతా సోకా అనే డ్యాన్సు పాటలు, స్టీల్‌పాన్ పోటీలు. అందులో ఒక వయొలిన్ నాదం ఎవరి చెవికీ ఎక్కదు. కార్నివాల్ అయిన మరుసటి రోజు నుంచి ఊరు ఒక్కసారిగా సద్దుమణుగుతుంది, హాళ్లు ఖాళీ అవుతాయి.

2027 లెక్క ప్రకారం ఫిబ్రవరి 17 ప్రాంతంలో దిగి, 20 నుంచి కచేరీలు మొదలుపెట్టి, మార్చి 6 శివరాత్రి రాత్రి వాయించి, 10న తిరుగు విమానం ఎక్కడం చక్కగా కుదురుతుంది. మార్చి 22 ఫగ్వా దాకా ఉండాలని ఆశపడితే 30 రోజులు దాటిపోతాయి. అదెందుకు ముఖ్యమో కింద వీసా భాగంలో వస్తుంది.

టీటీడీలో గానీ, ప్రభుత్వ సంగీత కళాశాలలో గానీ ఉద్యోగం చేస్తున్నవాళ్లు విదేశయానానికి అనుమతి పత్రం కోసం కనీసం నాలుగు నెలల ముందే దరఖాస్తు పెట్టాలి. ఫైలు నడిచే వేగం అందరికీ తెలిసిందే.

ఎవరు పిలుస్తారు, ఏం రాసివ్వాలి

ట్రినిడాడ్‌కు భారతీయ కూలీలతో మొదటి ఓడ వచ్చింది 1845 మే 30న. 1917 దాకా దాదాపు 1,44,000 మంది వెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లిన భోజ్‌పురి ప్రాంతం వాళ్లు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లు కొద్దిమంది. ఈ రోజుకీ జనాభాలో మూడో వంతుకు పైగా భారతీయ మూలాలవాళ్లే. రామచరితమానస్ పారాయణం, భజన, తాసా డప్పులు వాళ్ల ఇళ్లలో మామూలు. తెలుగు మాట్లాడేవాళ్లు మాత్రం దాదాపు లేరు, ఇటీవల ఉద్యోగాలకు వెళ్లిన కొద్దిమంది తప్ప.

పిలిచే చోట్లు మూడు రకాలు. భారత హైకమిషన్‌కు చెందిన మహాత్మా గాంధీ సాంస్కృతిక సంస్థ ఒకటి. భారత సాంస్కృతిక సంబంధాల మండలి (ఐసీసీఆర్) జాబితాలో పేరు ఉన్న కళాకారులకు ఈ తలుపు తట్టడం సులభం. రెండోది చాగ్వానాస్ ఊళ్లో దివాళీ నగర్ అనే దీపావళి ఉత్సవాలు నడిపే నేషనల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియన్ కల్చర్ లాంటి స్థానిక సంస్థలు. మూడోది గుళ్లు. కరాపిచైమాలోని దత్తాత్రేయ ఆలయం మైసూరు అవధూత దత్తపీఠానికి అనుబంధం. అక్కడి 85 అడుగుల హనుమంతుడి విగ్రహం, గుడి కట్టిన తీరు దక్షిణాది శిల్పులవే. కర్ణాటక సంగీతం కొత్తగా పరిచయం చేయనక్కర్లేని చోటు అది.

ఒకే సంస్థ మీద ఆధారపడి బయలుదేరకండి. ఖర్చు భరించే ప్రధాన సంస్థ ఒకటి, చిన్న కార్యక్రమాలు రెండు మూడు, పిల్లలకు ఒక వర్క్‌షాప్ ఉంటే యాత్ర నిలబడుతుంది. ఆహ్వాన పత్రంలో ఇవి ఉండి తీరాలి: పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఇద్దరి పేర్లు, పాస్‌పోర్ట్ నంబర్లు, తేదీలు, వేదికలు, బస చిరునామా, టికెట్ ఎవరు కొంటారు, పారితోషికం ఎంత, ఏ కరెన్సీలో, ఎప్పుడు.

పేర్ల దగ్గర మనవాళ్లకు వచ్చినంత చిక్కు ఇంకెవరికీ రాదు. వేదిక మీద ఒక పేరు, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరుతో కలిపి ఇంకొకటి, టికెట్ మీద పొడి అక్షరాలతో మూడోది. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద అసలు పేరు స్థానంలో వేరే అక్షరాలు పడతాయి. ముందు ఇద్దరి పాస్‌పోర్టులు పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం చూడండి. దిద్దాల్సి ఉంటే తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో మళ్లీ తీసుకోండి. 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, తత్కాల్ అయితే మరో 2,000. తిరుగు తేదీ తర్వాత కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. పదో తరగతి లేక పాస్‌పోర్ట్‌లో ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) ముద్ర పడిన కళాకారులు కంగారు పడనక్కర్లేదు. ఆ ముద్ర గల్ఫ్ వంటి 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లేవాళ్ల గురించి. ట్రినిడాడ్ ఆ జాబితాలో లేదు.

వీసా: ఊరిది కాదు, దారిది

ఎక్కువ యాత్రలు బోల్తా కొట్టేది ఇక్కడే. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు ట్రినిడాడ్‌కు, బార్బడోస్‌కు 90 రోజుల లోపు సందర్శనకు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. అది విని చాలామంది టికెట్ కొనేస్తారు. కానీ చెన్నై నుంచి ఆ దీవులకు నేరుగా విమానం లేదు. మధ్యలో దిగే దేశం మిమ్మల్ని అడుగుతుంది.

అమెరికా మీదుగా: విమానాశ్రయం దాటకపోయినా అక్కడ ఇమిగ్రేషన్ చూసుకుని తీరాలి. అంటే ట్రాన్సిట్ వీసా గానీ బీ1/బీ2 అనే సందర్శక వీసా గానీ ఉండాలి. ఇంటర్వ్యూ చెన్నై కాన్సులేట్‌లో. తేదీ దొరకడానికే నెలలు పట్టవచ్చు. పైగా మొదట దిగిన అమెరికన్ ఊళ్లో సామాను మొత్తం తీసుకుని మళ్లీ అప్పగించాలి. మృదంగం పెట్టెను భద్రతా సిబ్బంది మీరు లేనప్పుడు తెరిచే అవకాశం ఎక్కువ.

లండన్ మీదుగా: చెన్నై విమానం దిగేది హీత్రోలో. కరీబియన్ విమానం లండన్‌లోనే మరో విమానాశ్రయమైన గాట్విక్ నుంచి ఉంటే ఊరు దాటి వెళ్లాలి, దానికి వేరే ట్రాన్సిట్ వీసా కావాలి. ఒకే విమానాశ్రయంలో మారినా ట్రాన్సిట్ వీసా నిబంధన వర్తిస్తుంది. చెల్లుబాటులో ఉన్న అమెరికా, కెనడా వీసా ఉన్నవాళ్లకు సాధారణంగా సడలింపు ఉంటుంది. టొరంటో మీదుగా అయితే కెనడా వీసా.

పారిస్ మీదుగా వెళ్లి గ్వాడెలూప్, మార్టినిక్ కూడా చూడాలనుకుంటే ఇంకో మెలిక. ఆ రెండూ ఫ్రాన్స్‌లో భాగమే, యూరోలు నడుస్తాయి, అయినా యూరప్ దేశాల ఉమ్మడి వీసా నడిచే షెంజెన్ పరిధిలో లేవు. మామూలు షెంజెన్ వీసా అక్కడ చెల్లదు. ఫ్రాన్స్ సముద్రాంతర ప్రాంతాలకు చెల్లుతుందని వీసా మీదే రాసి ఉండాలి. దరఖాస్తులోనే ఆ దీవుల పేర్లు రాయాలి. శ్రమపడి తీసుకోదగ్గ వీసానే ఇది. 1853, 1854 నుంచి ఆ దీవులకు వెళ్లిన కూలీల్లో పుదుచ్చేరి, కారైకాల్ రేవుల నుంచి ఓడెక్కిన దక్షిణాదివాళ్లు చాలామంది. మారియమ్మ గుళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మన శ్రుతి వాళ్ల చెవికి ట్రినిడాడ్ కంటే దగ్గర.

గయానాకు ముందే వీసా తీసుకోవాలి. నాలుగు చోట్లూ చుట్టేద్దామన్న ఆశ మొదటి యాత్రలో వద్దు. ట్రినిడాడ్ ఒకటి, అక్కడి నుంచి వీలైతే ఇంకొకటి.

టికెట్ మాత్రం మొత్తం దారికీ ఒకే బుకింగ్ మీద ఉండాలి. రెండు వేర్వేరు టికెట్లు కొంటే చవకే, కానీ మొదటి విమానం ఆలస్యమైతే రెండోదాని డబ్బు పోయినట్టే, సామాను కూడా మధ్యలో దిగి మీరే తీసుకోవాలి. తీసుకోవాలంటే వీసా కావాలి. చవక టికెట్ అసలు ఖరీదు అప్పుడు తెలుస్తుంది.

పనిచేయడానికి అనుమతి వేరే సంగతి. ట్రినిడాడ్‌లో 12 నెలల్లో ఒక్కసారి, 30 రోజులు మించకుండా పనిచేసేవారికి వర్క్ పర్మిట్ లేకుండా వెసులుబాటు ఉంది. ఆ 30 కోసమే పైన తేదీలు అలా వేసుకున్నది. అయితే టికెట్లు అమ్మే కచేరీ అయినా, పారితోషికం పుచ్చుకుంటున్నా, నిర్వాహకులు ముందే అక్కడి ఇమిగ్రేషన్‌ను అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకుని మీకు పంపాలి. ఆ కాగితం చేతిసంచిలో ఉండాలి. దిగగానే అధికారి ఎందుకు వచ్చారని అడిగితే ‘టూరిజం’ అని చెప్పి, వెనకాల మృదంగం పెట్టె లాక్కుంటూ నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇంకో మాట. బీ1/బీ2 చేతిలో ఉంది కదా అని దారిలో న్యూజెర్సీలో బంధువుల గుడిలో డబ్బులు తీసుకుని కచేరీ ఒప్పుకోవద్దు. ఆ వీసా దానికి కాదు. పదేళ్ల వీసా ఒక సాయంత్రంలో పోతుంది.

ఎల్లో ఫీవర్ సూది

ఇది మరిచిపోయేవాళ్లే ఎక్కువ, ఎందుకంటే వెళ్లేటప్పుడు ఎవరూ అడగరు. తిరిగి వచ్చేటప్పుడు మన దేశమే అడుగుతుంది. ట్రినిడాడ్, గయానా, సురినామ్ ఎల్లో ఫీవర్ ముప్పు ఉన్న ప్రాంతాల జాబితాలో ఉన్నాయి. అక్కడి నుంచి ఆరు రోజుల్లోపు భారత్‌లో దిగేవాళ్ల దగ్గర చెల్లే టీకా పత్రం లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు.

టీకా వేయించుకున్న పదో రోజు నుంచే పత్రం చెల్లుతుంది. 2016 నుంచి అది జీవితాంతం చెల్లుబాటు. అన్ని ఆసుపత్రుల్లో వేయరు, కేంద్రం గుర్తించిన చోట్లే. తిరుపతి, చిత్తూరు వాళ్లకు దగ్గర చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం). ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి. పాస్‌పోర్ట్ అసలు తీసుకెళ్లాలి, పత్రం మీద పాస్‌పోర్ట్ నంబర్ సరిగ్గా రాశారో లేదో అక్కడే చూసుకోవాలి. గుడ్డు పడనివాళ్లు, అరవై దాటినవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు ముందు డాక్టరును అడగాలి. జట్టులో ఒకరు టీకా వేసుకోలేని పరిస్థితి ఉంటే దానికి మినహాయింపు పత్రం కూడా ముందే రాయించుకోవాలి.

వాద్యాలు

మృదంగం గురించే ఎక్కువ చెప్పాలి. వయొలిన్ మీతో సీట్లోకి వస్తుంది. మృదంగం కిందకు, సామాన్ల గదిలోకి పోతుంది.

తోలు వార్ల మృదంగం నాదం వేరు, నిజమే. కానీ ఇద్దరే వెళ్లే యాత్రకు బోల్టు మృదంగమే సరైనది. మూత చిరిగితే వార్లు విప్పి, పదహారు కన్నుల గుండా మళ్లీ లాగి బిగించే పనివాడు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో దొరకడు. బోల్టుదైతే స్పానర్‌తో మీరే విప్పి, సిద్ధంగా తెచ్చుకున్న మూత వేసి బిగించవచ్చు. కుడి మూతలు రెండు, ఎడమ మూత ఒకటి అదనంగా పెట్టుకోండి. వాటిని బయలుదేరే ముందే ఇంట్లో ఒకసారి ఎక్కించి, వాయించి, శ్రుతికి నిలుస్తున్నాయో చూసి, విప్పి గుడ్డలో చుట్టండి. కొత్త మూత మొదటిసారి అక్కడ ఎక్కిస్తే రెండు రోజులు సాగుతూనే ఉంటుంది.

రెండు శ్రుతికి, అంతకంటే తక్కువకు 24 అంగుళాల వాద్యం, ఐదు శ్రుతికి పైన 22 అంగుళాలది అన్నది తెలిసిన లెక్కే. ఒక మృదంగాన్ని నాదం చెడకుండా అర శ్రుతి అటూ ఇటూ మాత్రమే జరపగలం. కాబట్టి జోడీ ఏ శ్రుతిలో వాయిస్తుందో తిరుపతిలోనే తేల్చుకోవాలి.

పెట్టెలో పెట్టే ముందు నాదం కోసం ఎడమ మూత మీద అద్దే రవ్వ ముద్ద పూర్తిగా గీకి, తడిగుడ్డతో తుడిచి, నీడలో ఒక పూట ఆరబెట్టండి. తడి మిగిలితే ముప్పై నలభై గంటల ప్రయాణంలో బూజు పడుతుంది, పెట్టె తెరిచిన అధికారికి వాసన కొడుతుంది. బొంబాయి రవ్వ ఇక్కడి నుంచి మోసుకుపోవద్దు. ధాన్యం, పిండి చూస్తే వ్యవసాయ తనిఖీ వాళ్లు ప్రశ్నలు వేస్తారు. రోటీలు తినే దేశం అది, ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. నిమ్మకాయంత ముద్దకు ఎంత రవ్వ కావాలో మీకు తెలుసు. పావుకిలో కొంటే యాత్ర మొత్తానికి సరిపోతుంది.

బోల్టులు రెండు వైపులా సమానంగా ఒక చుట్టు, చుట్టున్నర వదులు చేయండి. పూర్తిగా విప్పేస్తే మూత అంచు పక్కకు జరిగి, తిరిగి బిగించినప్పుడు నాదం ఒక వైపు పడిపోతుంది. గట్టి ఫైబర్ పెట్టె, లోపల వాద్యం కదలకుండా దుప్పటి. బోల్టు మృదంగం, పెట్టె కలిపి 23 కిలోల హద్దుకు దగ్గరగా వస్తాయి. ఇంట్లో కాటా మీద తూచి చూడండి. స్పానర్, అదనపు మూతలు రెండో పెట్టెలో పెట్టాలి. స్పానర్ చేతిసంచిలో ఉంటే చెన్నైలోనే తీసుకుంటారు.

వయొలిన్ పెట్టె పొడవు 80 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, చేతిసామాను కొలత 55 చుట్టూ. చాలా సంస్థలు వయొలిన్‌ను ఒప్పుకుంటాయి, కానీ అనుమతిని ఈమెయిల్‌లో రాయించుకుని ప్రింట్ పెట్టుకోండి. తీగలు ఒక స్వరం మేర వదులు చేయండి, అంతకు మించి వద్దు. పూర్తిగా వదిలేస్తే లోపల నిలబడే సౌండ్‌పోస్ట్ అనే పుల్ల పడిపోతుంది, దాన్ని నిలబెట్టడానికి మనిషి కావాలి. కమాను వెంట్రుకలు వదులు చేయడం మరవద్దు. విమానంలో గాలి మన వేసవి కంటే పొడిగా ఉంటుంది, బిరడాలు జారతాయి. దిగాక అక్కడి తేమకు అవే బిరడాలు ఉబ్బి బిగుసుకుంటాయి. సుద్ద, సబ్బు ముక్క వెంట ఉంచుకోండి. పూర్తి తీగల సెట్లు రెండు, మొదటి తీగలు మరో నాలుగు.

కొన్నింటిని ఇంట్లోనే వదిలేయాలి. ఉడుము చర్మం కంజీర దేశం దాటకూడదు, వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మేక చర్మం కంజీర ఉంటే అదే తీసుకెళ్లండి. దుప్పి కొమ్ము ముక్కలు, ఏనుగు దంతం అతికించిన పాత కమాను, అలంకారానికి పెట్టిన నెమలి ఈకలు కూడా అంతే. రోజ్‌వుడ్ బిరడాలకు మాత్రం భయపడనక్కర్లేదు. తయారైన వాద్యాలకు 2019లో అంతర్జాతీయ మినహాయింపు వచ్చింది, బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు తప్ప.

చెన్నై విమానాశ్రయంలో బయలుదేరేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. వయొలిన్, పికప్, రికార్డర్, మైకులు, వాటి సీరియల్ నంబర్లు, ఫొటోలు. లేకపోతే తిరిగి వచ్చినప్పుడు అక్కడే కొన్నారని సుంకం అడగవచ్చు. దీనికి గంట సమయం కలుపుకోండి. తిరుపతి నుంచి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా విమానాశ్రయానికి మూడున్నర గంటలు, ట్రాఫిక్‌లో నాలుగు. విమాన సమయానికి తొమ్మిది గంటల ముందు ఇంటి నుంచి కదిలితే ప్రశాంతంగా ఉంటుంది.

కరెంటు సంగతి చిన్నదే గానీ మొదటి కచేరీలోనే కొడుతుంది. ట్రినిడాడ్‌లో 115 వోల్టులు, 60 హెర్ట్జ్, అమెరికా తరహా చదును పిన్నులు. గ్వాడెలూప్, మార్టినిక్‌లలో 230 వోల్టులు, యూరప్ తరహా గుండ్రటి పిన్నులు. మన పాత శ్రుతి పెట్టె అడాప్టర్ మీద 230 అని మాత్రమే ఉంటే ట్రినిడాడ్‌లో పలకదు, లేదా మూలిగినట్టు పలుకుతుంది. 100–240 అని రాసి ఉన్నది కొనండి. ఫోన్‌లో తంబురా యాప్ ఒకటి, ఇంటర్నెట్ లేకుండా నడిచేది. పవర్‌బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి.

ఏం వాయించాలి

రెండున్నర గంటల కచేరీ అక్కడ నడవదు. 75 నుంచి 90 నిమిషాలు చాలు. వర్ణం ఐదు నిమిషాల్లో ముగించి, చిన్న కృతి ఒకటి, తర్వాత ప్రధాన రాగం. దానికి పాతిక నిమిషాలు, అందులోనే తని, అంటే మృదంగం ఒంటరిగా వాయించే భాగం. తని మాత్రం కుదించవద్దు. తాసా వింటూ పెరిగిన జనం కాబట్టి లయకు చెవి కోసుకుంటారు. చప్పట్లు పడేది అక్కడే. తర్వాత అన్నమయ్య సంకీర్తనలు రెండు. ఒక్కోదానికీ ముందు ఇంగ్లీషులో రెండు వాక్యాలు, అంతకు మించి ఉపన్యాసం వద్దు. తాళ్లపాక, 15వ శతాబ్దం, వెంకటేశ్వరుడు అని చెబితే చాలు. చివర వాళ్లందరికీ తెలిసిన రెండు హిందీ భజనలు.

స్టీల్‌పాన్‌తో కలిసి వాయించమని తప్పకుండా అడుగుతారు. నూనె పీపాల నుంచి ట్రినిడాడ్‌లో పుట్టిన వాద్యం అది. దాని స్వరాలు సుత్తితో కొట్టి స్థిరం చేసినవి, ఒక్క పిసరు కదలవు. శ్రుతి కదపాల్సింది మనమే. పాశ్చాత్య ప్రామాణిక స్వరం ఏ–440కి సరిగ్గా పెట్టిన రెండు శ్రుతి, అంటే డి, పాన్‌కు సౌకర్యం. మోహనం, హంసధ్వని లాంటి గమకం (స్వరాన్ని ఊపడం) తక్కువైనా నిలబడే రాగాలు ఎంచుకోండి. తోడి ముట్టుకోవద్దు, పాన్ మీద తోడి గాంధారం రాదు, వచ్చినట్టు నటిస్తే ఇద్దరికీ అవమానం.

తాసా జట్టుతో అయితే పక్కపక్కన కాకుండా ఒకరి తర్వాత ఒకరు, ప్రశ్న–జవాబు పద్ధతిలో వాయించాలి. ఇద్దరు తాసా వాళ్లు, ఒక పెద్ద బాస్ డప్పు, తాళాలు. తోలు తాసాలైతే నిప్పు సెగకు బిగిస్తారు, ఆ మోతకు మైకు లేని మృదంగం వినిపించనే వినిపించదు. ఎనిమిది అక్షరాల ఆవర్తనం మీద నాలుగు, నాలుగు, రెండు, రెండు, చివరికి ఒక్కొక్క ఆవర్తనం. అంతే ఒప్పందం. మిశ్ర (ఏడు), ఖండ (ఐదు) నడకలు చూపించాలన్న కోరిక రిహార్సల్‌లోనే తీర్చుకోండి.

సౌండ్

అక్కడి సౌండ్ ఇంజనీర్లు నిపుణులే, కానీ చెవులు సోకాకు అలవాటుపడినవి. మృదంగం ఎడమ వైపు చూడగానే బాస్ పెంచేస్తారు. నెల ముందే ఒక పేజీ పంపండి. వయొలిన్‌కు క్లిప్ మైకు, దానికి తోడు స్టాండ్ మైకు. మృదంగం కుడికి ఒకటి, ఎడమకు ఒకటి, మూతకు జానెడు లోపు దూరంలో. శ్రుతి పెట్టెను నేరుగా సౌండ్ మిక్సర్‌కు కలిపే డీఐ బాక్స్ ద్వారా ఒక లైను. మాటలకు ఒక మైకు. మొత్తం ఆరు. మానిటర్లు రెండు. కూర్చోవడానికి ఎనిమిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు వేదిక, అడుగు ఎత్తు, తివాచీ, కుర్చీలు వద్దు. ఎడమ మైకుకు బాస్ పెంచవద్దని, రెవర్బ్ (ప్రతిధ్వని) కొద్దిగానే అని రాయండి.

పెద్ద హాళ్లలో ఏసీ గట్టిగా ఉంటుంది. బయట తేమలో మూత వదులై శ్రుతి దిగుతుంది; లోపల ఏసీ పొడికి బిగిసి పైకి ఎక్కుతుంది. కారులోంచి దిగి నేరుగా వేదిక ఎక్కితే మొదటి ఇరవై నిమిషాలు బోల్టులు తిప్పుకుంటూ కూర్చోవాలి. రెండు గంటల ముందే మృదంగాన్ని పెట్టె తెరిచి వేదిక మీద ఉంచండి. కచేరీ వేళకు ఏసీ ఎంత ఉంటుందో అప్పుడూ అంతే ఉంచమని అడగండి. రవ్వ ముద్ద మాత్రం మొదలుపెట్టే పావుగంట ముందు వేయండి, ఏసీలో త్వరగా ఎండి రాలుతుంది. చిన్న సీసాలో నీళ్లు పక్కన ఉండాలి.

డబ్బు

పారితోషికం అమెరికన్ డాలర్లలో రాయించండి. ఇది పట్టుబట్టాల్సిన విషయం. ట్రినిడాడ్ డాలర్లు 6.7, 6.8 కలిస్తే ఒక అమెరికన్ డాలరు, కానీ ఆ దేశంలో విదేశీ మారకానికి ఏళ్లుగా కటకట. చివరి రోజు చేతికి ట్రినిడాడ్ నోట్ల కట్ట ఇస్తే అక్కడ మార్చడం కష్టం, ఇక్కడ మార్చేవాడు ఉండడు. సగం బయలుదేరేముందు బ్యాంకు ఖాతాలోకి, మిగతా సగం చివరి కచేరీకి ముందు. రోజువారీ ఖర్చులకు మాత్రం స్థానిక నోట్లు తీసుకోవచ్చు.

ఇక్కడి నుంచి ఒక్కొక్కరు 3,000 డాలర్ల వరకు నోట్లు తీసుకెళ్లవచ్చు, బ్యాంకు లేదా అధీకృత వ్యాపారి రసీదుతో. తిరిగి వచ్చేటప్పుడు నోట్లే 5,000 డాలర్లు దాటితే కస్టమ్స్‌కు ప్రకటించాలి. అక్కడ పన్ను కోస్తే కోత పత్రం తప్పక అడిగి తీసుకోండి. రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్ను ఒప్పందం ఉంది, ఆ పత్రం లేకపోతే ఇక్కడి ఆడిటర్ ఏమీ చేయలేడు.

అక్కడికి చేరాక

మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం ఐదున్నర అంటే తిరుమలలో సుప్రభాత వేళ. మొదటి రెండు రోజులు ఆ వేళకు కళ్లు వాలిపోతాయి, లయ జారుతుంది. దిగిన 48 గంటల్లోపు కచేరీ ఒప్పుకోవద్దు, పత్రికా సమావేశం అయితే సరే.

తిండికి ఇబ్బంది లేదు. పొద్దున్నే రోడ్డు పక్కన డబుల్స్ దొరుకుతాయి. రెండు మెత్తటి బారా రొట్టెల మధ్య శనగల కూర, శాకాహారం. కారం ఎంత అని అడిగితే కొంచెం అని చెప్పండి. చిత్తూరు నాలుకకూ వాళ్ల మిరప సాస్ కొత్తదే. సైనిక దుస్తుల రంగు ప్యాంటు గానీ సంచీ గానీ తీసుకెళ్లవద్దు, పౌరులు అవి వేసుకోవడం ఆ దేశంలో నిషేధం. రాత్రి కచేరీ అయ్యాక నిర్వాహకుల బండిలోనే బసకు చేరాలి. దోమల మందు రాసుకోవాలి, డెంగీ అక్కడా ఉంది. ప్రయాణ బీమాతో పాటు వాద్యాలకు వేరే బీమా అవసరం, మొదటిది రెండోదాన్ని కవర్ చేయదు.

తిరుగు ప్రయాణంలో ఎల్లో ఫీవర్ పత్రం, ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్ మూడూ ఒకే కవరులో, చేతికందేలా పెట్టుకోండి. ఇల్లు చేరాక మృదంగం పెట్టె ఆ రాత్రే తెరవండి, కానీ బిగించకండి. ఎండ తగలని గదిలో, ఫ్యాను గాలి నేరుగా పడకుండా రెండు రోజులు వదిలేసి, మూడో రోజు అర చుట్టు చొప్పున బోల్టులు తిప్పుకుంటూ శ్రుతికి తెచ్చుకోండి. మార్చి ఎండలకు తిరుపతి గాలి అప్పటికే పొడిబారి ఉంటుంది. తొందరపడి ఒక్కసారిగా లాగితే కరణి (కుడి మూత మధ్యలోని నల్లటి పూత) అంచు దగ్గర మూత చీలేది అప్పుడే.